విషాన్ని స్టోరు గుమ్మంలోనే ఆపాలి

మన దగ్గర కాలుష్యం మాట ఎత్తితే చర్చ నేరుగా కాలువ దగ్గరికి పోతుంది. మూసీలో నురుగు, నక్కవాగులో రంగు మారిన నీళ్లు, ఏదో చెరువులో తెల్లారేసరికి తేలిన చేపలు. ఆపైన నమూనాలు తీస్తారు, నోటీసులు ఇస్తారు, శుద్ధి కేంద్రం కడతామంటారు, కట్టినది చాలలేదని మరొకటి కడతామంటారు. బట్టలకు రంగులు వేసే మిల్లుల విషయంలో, తోళ్లు పదును చేసే కార్ఖానాల విషయంలో ఈ వరస తలకిందులుగా ఉందని నా గట్టి నమ్మకం. కాలువలో తేలే ప్రతి రసాయనమూ అంతకుముందు ఒక డ్రమ్ములోనో బస్తాలోనో కార్ఖానా స్టోరు గుమ్మం దాటి లోపలికి వెళ్లిందే. దానికి ఆర్డరు ఉంది, బిల్లు ఉంది, రిజిస్టరులో పద్దు ఉంది. పేరూ ఊరూ తెలిసినప్పుడు వదిలేసి, లక్షల లీటర్ల నీళ్లలో కలిసిపోయాక దాని జాడ వెతుక్కోవడం ఏం తెలివి?

హైదరాబాద్‌లో ఎగుమతి దుస్తుల కొనుగోలు వ్యవహారాలు చూసే ఒక ఆఫీసులో చాలా ఏళ్లు మర్చండైజర్‌గా పనిచేశాను. విదేశీ కొనుగోలుదారుకూ ఇక్కడి తయారీదారుకూ మధ్య నిలబడి రంగు నమూనాలు ఒప్పించడం, కుట్టు కొలతలు సరిచూడడం, ల్యాబ్ రిపోర్టులు తెప్పించడం నా పని. ఆ రిపోర్టులు చదివీ చదివీ ఏర్పడిన అభిప్రాయాలే ఇవి.

ముందు శుద్ధి కేంద్రాల సంగతి. అవి వద్దని అనడం లేదు, అవి లేకపోతే బతకలేం. కానీ వాటి మీద మనం పెట్టుకున్న భరోసా వాటి శక్తికి మించినది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తల బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం చేరే ఆ కేంద్రంలో శుద్ధి అయిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదును మించిన సంఖ్య అది. అది మందుల పరిశ్రమ కథ, నిజమే. అయినా రంగుల మిల్లులకూ తోళ్ల కార్ఖానాలకూ అది అక్షరాలా వర్తిస్తుంది. శుద్ధి కేంద్రం దేనికోసం కట్టారో దాన్నే తీయగలదు. మడ్డిని అడుగుకు దింపుతుంది, సూక్ష్మజీవులు తినగలిగిన మలినాన్ని వాటికి తినిపిస్తుంది. అవి తినలేని పదార్థం లోపలికి ఎలా వచ్చిందో అలాగే బయటికి పోతుంది, లేకపోతే బురదలో చేరి కూర్చుంటుంది.

అచ్చంగా రంగుల మిల్లుల ఉదాహరణే కావాలంటే తమిళనాడులోని తిరుప్పూరు ఉంది. నొయ్యల్ నది మీద ఒరత్తుపాళయం దగ్గర 1992లో సాగునీటి కోసం ఆనకట్ట కట్టారు. పైనున్న అద్దకపు మిల్లుల నీళ్లన్నీ వచ్చి చేరి, ఏ రైతు కోసం కట్టారో ఆ రైతే తెరవొద్దని మొరపెట్టుకునే జలాశయంగా అది మారింది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు తిరుప్పూరు అద్దకపు మిల్లులను మూసేయమని ఆదేశించింది. ఆ తర్వాత చుక్క నీరు కూడా బయటికి వదలకూడదన్న నియమం కింద మిల్లులు మళ్లీ నడుస్తున్నాయి. వాడిన నీటిని పొరలతో వడగట్టి, మిగిలినదాన్ని ఆవిరి చేసి, తిరిగి వాడుకుంటున్నారు. పెద్ద విజయమే, కాదనను. అయితే ఆవిరి చేయగా అడుగున మిగిలే రంగు కలిసిన ఉప్పు ఏమవుతోంది? దాన్ని కొనేవాడు లేడు. షెడ్లలో బస్తాలుగా పేరుకుంటోంది. నది నుంచి విషాన్ని తప్పించి గోడౌనుకు చేర్చాం, మధ్యలో బోలెడు ఇంధనం తగలబెట్టాం.

అసలు అంత ఉప్పు ఎందుకు? నూలు గుడ్డకు రియాక్టివ్ రంగు వేసేటప్పుడు గుడ్డా రంగూ నీటిలో ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటాయి. ఉప్పు వేస్తే ఆ పెడసరితనం తగ్గి రంగు గుడ్డను చేరుతుంది. ముదురు రంగులకు లీటరు నీటికి 50 నుంచి 80 గ్రాముల ఉప్పు మామూలు విషయం. అప్పటికీ వేసిన రంగులో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా గుడ్డను పట్టుకోకుండా నీళ్లలోనే పోతుంది. తక్కువ ఉప్పుతో పట్టే రంగులు మార్కెట్లో ఉన్నాయి. గుడ్డకు రంగూ క్షారమూ కలిపి పట్టించి, బీముకు చుట్టి, రాత్రంతా చల్లగానే తిప్పుతూ ఉంచే కోల్డ్ ప్యాడ్ బ్యాచ్ పద్ధతిలోనైతే ఉప్పే అక్కర్లేదు. అంటే, ఉప్పును కాలువ దగ్గర పట్టుకోవాలా అక్కర్లేకుండా చేసుకోవాలా అన్నది మిల్లు యజమాని రంగులు కొనే రోజునే తేలిపోతుంది.

ఒక మిల్లు స్టోరులో చూసిన డ్రమ్ము గురించి చెప్పాలి. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, మూత చుట్టూ జిగట పేరుకుని దుమ్ము పట్టి ఉంది. లేబులు మీద ఒక వ్యాపారనామం, దాని కింద తడికి సగం చెరిగిపోయిన బ్యాచ్ నంబరు. మగ్గం దిగిన పచ్చి గుడ్డ (గ్రే గుడ్డ) మీది గంజి, మైనం, నూనె మరకలు పోవడానికి ఉడకబెట్టేటప్పుడు వేస్తారు. అక్కడ అందరూ దాన్ని సబ్బు నూనె అంటారు. ఇందులో ఏముందని స్టోరు కీపరును అడిగాను. "ఏముందో కంపెనీ వాళ్లకే తెలుసు మేడం. నురుగు బాగా వస్తోంది, మరక పోతోంది, మాకు అది చాలు" అన్నాడు. సరఫరాదారు ఇచ్చిన కాగితం తెప్పించి చూస్తే 'నాన్ అయానిక్ సర్ఫాక్టెంట్ మిశ్రమం' అని ఉంది, అంటే మురికి వదలగొట్టే ఏదో పదార్థం అని. పప్పా కూరా పులుసా చెప్పకుండా 'భోజనం' అని రాసినట్టుంది అది.

అలాంటి డ్రమ్ముల్లో ఎక్కువగా ఉండే అవకాశం ఉన్నది నోనైల్‌ఫినాల్ ఇథాక్సిలేట్. చవక, బాగా పనిచేస్తుంది. నీటిలోకి పోయాక మాత్రం విడిపోయి నోనైల్‌ఫినాల్‌గా మారుతుంది. అది తొందరగా విచ్ఛిన్నం కాదు, చేపల శరీరంలో ఆడ హార్మోనులా నటిస్తుంది. ఐరోపా సంఘం తమ మిల్లుల్లో దీని వాడకాన్ని 2003లో తెచ్చిన చట్టంతోనే దాదాపు ఆపేసింది. ఆ తర్వాత కూడా వాళ్ల నదుల్లో అది కనిపిస్తూనే ఉంది. ఎక్కడి నుంచి అంటే, మనలాంటి దేశాల్లో తయారైన బట్టలను వాళ్లు ఇంట్లో ఉతికినప్పుడు. దాంతో 2021 ఫిబ్రవరి నుంచి, ఉతికి వాడే బట్టల్లో బరువులో 0.01 శాతానికి మించి అది ఉండకూడదని కట్టడి పెట్టారు. తొలి రెండు మూడు ఉతుకుల్లో బట్టలోంచి దిగే మిగులు గురించి వాళ్లు అంత పట్టింపుగా ఉన్నారు. బట్ట తయారైన చోట దిగిన అసలు మోతాదు ఎవరి నీళ్లలోకి పోయిందో వేరే చెప్పాలా? దీనికి బదులు ఫ్యాటీ ఆల్కహాల్ ఇథాక్సిలేట్లు వాడవచ్చు. అవి మన దేశంలోనే తయారవుతాయి.

ఆ మిల్లులోనే ఎక్స్‌పోర్ట్ లాట్‌కు ఒక డ్రమ్ము, లోకల్ లాట్‌కు ఇంకో డ్రమ్ము ఉండేవి. మిషను అదే, పనివాళ్లు వాళ్లే, బయటికి పోయే కాలువ అదే. జర్మనీ పిల్లవాడి చొక్కాకు ఒక సబ్బు, జనగామ పిల్లవాడి చొక్కాకు ఇంకో సబ్బు. దీన్ని ఎన్నిసార్లు తలచుకున్నా నాకు మనసు మండుతుంది. మన పిల్లల చర్మం మందమా? ఆ మిల్లులో సబ్బు నూనె కలిపే కుర్రవాడి ఊపిరికి విలువ లేదా?

పని జరగనివ్వని కారణం తెలియనితనం కాదనడానికి చరిత్రే సాక్ష్యం. రంగుల కార్ఖానాల్లో పనిచేసేవారికి మూత్రాశయ క్యాన్సర్ వస్తోందని జర్మన్ వైద్యుడు లుడ్విగ్ రేన్ 1895లోనే చెప్పాడు. తర్వాతి కాలంలో దోషులు బెంజిడిన్ లాంటి అమీన్లు అనే రసాయనాలని తేలింది. బట్టలకు విరివిగా వాడే అజో అనే కృత్రిమ రంగుల్లో కొన్ని విడిపోయినప్పుడు సరిగ్గా ఆ అమీన్లే పుడతాయి. అలాంటి రంగులు వాడిన బట్టలను జర్మనీ నిషేధించింది 1994లో, అంటే దాదాపు నూరేళ్ల తర్వాత. మన దేశం బెంజిడిన్ రంగులు 42, వాటికి తోడుగా 1997లో అజో రంగులు 70, మొత్తం 112 రంగులను నిషేధించింది. జర్మనీ ఆర్డర్లు పోతాయన్న భయం లేకపోతే మన నిషేధం అప్పటికి వచ్చేదని నేను అనుకోను. తోళ్లలో బూజు పట్టకుండా వాడిన పెంటాక్లోరోఫినాల్ సంగతీ ఇదే. 1989లో జర్మనీ వద్దంది, మన ఎగుమతిదారులు మానుకున్నారు. కొనేవాడు గట్టిగా అడిగినప్పుడల్లా కార్ఖానా మారింది. కాలువ దగ్గర నోటీసు అంటించిన ప్రతిసారీ మారలేదు.

అయితే కొనేవాడు ఏమి అడుగుతున్నాడన్నదీ ముఖ్యమే. నేను ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో మేము అడిగేది తయారైన బట్ట మీద పరీక్ష. బట్టలో ఫలానా పదార్థం ఇంతకు మించకూడదు, అంతే. ఆ పరీక్షలో పెద్ద కన్నం ఉంది. సబ్బు నూనె బట్టలో మిగలదు, కడిగేస్తారు. కడిగిన కొద్దీ బట్ట పరీక్షలో నెగ్గుతుంది, కడిగిన నీళ్లన్నీ వాగుకు పోతాయి. రిపోర్టు శుభ్రంగా వచ్చిందంటే విషం వాడలేదని అర్థం కాదు, వాడింది మిల్లు దగ్గరే వదిలేసి వచ్చారని కూడా కావచ్చు. 2011లో గ్రీన్‌పీస్ డిటాక్స్ ఉద్యమం మొదలుపెట్టి పెద్ద బ్రాండ్ల పేర్లు పెట్టి నిలదీసిన తర్వాతే పద్ధతి మారింది. ఆ ఏడాదే కొన్ని బ్రాండ్లు కలిసి జడ్‌డీహెచ్‌సీ (ప్రమాదకర రసాయనాల విడుదలను సున్నాకు తేవడం) అనే కార్యక్రమాన్ని ప్రారంభించాయి. 2014లో వాళ్లు తెచ్చిన జాబితా బట్టలో ఏది మిగలకూడదో చెప్పదు, కార్ఖానాలోకి ఏది రాకూడదో చెబుతుంది. తయారీలో వాడకూడని రసాయనాల జాబితా అది. నా వాదన మొత్తం ఆ చిన్న మార్పు మీదే నిలబడి ఉంది. ఆ జాబితా అమలైన మిల్లులో నేను చూసిన తేడా ఇది: ప్రతి డ్రమ్ము మీదా పేరు, లోపలి పదార్థాల వివరం, దాన్ని ఎవరు కొన్నారో, ఎంత వాడారో నెలవారీ పట్టిక. సబ్బు నూనె అన్న పేరు అక్కడ చెల్లదు.

ఇక తోళ్లు. తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా తోళ్లు పదును చేసింది మాదిగలు. పచ్చితోలును లందలో, అంటే తోళ్లు నానబెట్టే తొట్టిలో, సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు ఊడదీసి, కండ గీకి, తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ కషాయంలో వారాల తరబడి ఉంచేవారు. బతుకమ్మలో పేర్చే తంగేడే, మన రాష్ట్ర పుష్పమే. దాని బెరడులో టానిన్ దండిగా ఉంటుంది. బావి నీళ్లు తోడే మోట తొండాలు, చెప్పులు, ఎడ్ల పట్టీలు ఆ తోలుతోనే తయారయ్యేవి. ఆ పనిని ఊరు వాడుకుంది, ఆ పని చేసినవారిని ఊరి చివర నిలబెట్టింది. అందుకే పాత పద్ధతికి తిరిగి పోదామని తేలికగా అనే హక్కు నాలాంటివారికి లేదు. ఆ వాసనలో, ఆ సున్నంలో చేతులు పాడు చేసుకున్నది మేము కాదు.

19వ శతాబ్దం చివర్లో వచ్చిన క్రోమ్ పద్ధతి వారాల పనిని ఒక రోజుకు తెచ్చింది. తోలు మెత్తగా, తేలికగా, వేడికి ముడుచుకోకుండా తయారవుతుంది. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే తోలులో అత్యధిక భాగం ఇదే. కానీ ఒక టన్ను పచ్చితోలు పదును చేయాలంటే 30 నుంచి 40 వేల లీటర్ల నీళ్లు పడతాయి, చేతికి వచ్చే తోలు ఆ టన్నులో నాలుగో వంతు కూడా ఉండదు. పచ్చితోలు కుళ్లకుండా దాని బరువులో దాదాపు 40 శాతం ఉప్పు చల్లుతారు. అదంతా మొదటి నానబెట్టులోనే నీళ్లలోకి దిగుతుంది. వెంట్రుకలు కరిగించడానికి సోడియం సల్ఫైడ్. ఆ నీళ్లు ఆమ్లపు నీళ్లతో ఒకే గుంటలో కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. గుంట శుభ్రం చేయడానికి దిగిన మనిషిని అది నిమిషాల్లో చంపుతుంది. ఇక క్రోమ్ విషయానికి వస్తే, మామూలు పద్ధతిలో వేసినదాంట్లో మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, తోలుకు పట్టకుండా మిగిలిపోతుంది.

తోలుకు వేసేది త్రిసంయోజక క్రోమియం, అంత ప్రమాదకారి కాదు. ప్రమాదమంతా దాని ఇంకో రూపమైన షట్సంయోజక క్రోమియంతో. అది క్యాన్సర్ కారకం, చర్మానికి తీవ్రమైన అలెర్జీ తెస్తుంది. తోలులో వాడిన నూనెలు సరైనవి కాకపోయినా, క్షారగుణం ఎక్కువైనా, పొడి వేడిలో నిల్వ ఉన్నా మొదటి రూపం కొంత రెండో రూపంలోకి మారుతుంది. కత్తిరింపుల ముక్కలను తగలబెడితే సరేసరి. చర్మానికి తగిలే తోలు వస్తువుల్లో షట్సంయోజక క్రోమియం కిలోకు 3 మిల్లీగ్రాములకు మించకూడదని ఐరోపా 2015 మే నుంచి అమలు చేస్తోంది. దీన్ని సాధించడానికి మహామాయలేమీ అక్కర్లేదు. మంచి నూనెలు ఎంచుకోవడం, క్షారాన్ని అదుపులో ఉంచడం, మలి పదునులో కొంత వృక్ష టానిన్ వాడడం. అవును, చెట్టు బెరడులోని ఆ టానినే క్రోమియం రూపం మారకుండా కాపు కాస్తుంది. తాతల నాటి కషాయానికి ఇవాళ్టి కార్ఖానాలో గౌరవమైన చోటు అదీ.

ఈ జాగ్రత్తలు పట్టించుకోని చోట ఏం జరుగుతుందో రాణిపేట చూపించింది. తమిళనాడులోని ఆ పట్టణంలో క్రోమ్ రసాయనాలు తయారుచేసి మూతపడిన ఒక కార్ఖానా ఆవరణలో రెండు లక్షల టన్నులకు పైగా వ్యర్థం గుట్టగా పడి ఉండిపోయింది. వేలూరు ప్రాంతపు తోళ్ల కార్ఖానాల మీద 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పర్యావరణ న్యాయం చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు. చెరిపినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని ఆ తీర్పు మన చట్టంలో భాగం చేసింది. శుద్ధి కేంద్రాలు కట్టారు. 2015 జనవరిలో, రాణిపేటలో తోళ్ల కార్ఖానాల ఉమ్మడి శుద్ధి కేంద్రంలోని బురద ట్యాంకు గోడ రాత్రివేళ కూలిపోయింది. పక్కనే తోళ్ల కార్ఖానాలో నిద్రపోతున్న కార్మికులు పదిమంది ఆ బురదలో చనిపోయారు. నీళ్ల నుంచి విషాన్ని వేరు చేశామని మనం సంతోషించే ఆ బురదలోనే. లోపలికి వచ్చే సల్ఫైడ్, ఉప్పు, క్రోమ్ సగమైతే ఆ ట్యాంకు అంత నిండదు కదా. చెన్నైలోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ ఆ పనికి కావలసిన దారులు చూపించే ఉంది. సల్ఫైడ్ బదులు ఎంజైములతో వెంట్రుకలు ఊడదీయడం, నీళ్లు పోయకుండానే క్రోమ్ పట్టించడం ఆ సంస్థ తెచ్చిన పద్ధతులే.

తోలు మానేసి రెక్సిన్ వాడదామనే మిత్రులు ఉన్నారు. జంతువుల పట్ల వాళ్ల కరుణను గౌరవిస్తాను. అయితే కృత్రిమ తోలు తయారీలో వాడే డైమిథైల్ ఫార్మమైడ్ కార్మికుల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పీవీసీని మెత్తబరిచే థాలేట్లు ఇంకో తలనొప్పి. తోలు చెప్పయినా రెక్సిన్ చెప్పయినా అతికించేది సొల్యూషనే. అందులోని టాలుయిన్ ఆవిరి పీల్చేది ఆ చిన్న గదిలో కూర్చుని కుట్టే మనిషే.

ఇంకొందరు రసాయనాలే వద్దు, అన్నీ చెట్ల రంగులే అంటారు. ఇది నాకు ఇష్టమైన మాట, అందుకే జాగ్రత్తగా మాట్లాడాలి. పుట్టపాక నేతగాళ్ల తేలియా రుమాల్ చూడండి. ఆముదపు కాయల బూడిద నీళ్లలో నూనె కలిపి, నూలును రోజుల తరబడి నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి, ఆ తర్వాతే ఎరుపు ఎక్కిస్తారు. అందుకే ఆ గుడ్డను ముక్కుకు దగ్గరగా పట్టుకుంటే ఇప్పటికీ నూనె వాసన వస్తుంది. హైదరాబాద్ కేంద్రంగా ఉజ్రమ్మ గారు నడిపించిన మల్ఖా అనే చేనేత నూలు గుడ్డ ప్రయత్నం నీలి, మంజిష్ఠ, కరక్కాయలతో నూలుకు ఎంత అందం వస్తుందో ఈ తరానికి చూపించింది. ఇవి బతకాలి. కానీ రాష్ట్రంలోని ప్రతి చొక్కాకూ మంజిష్ఠ వేర్లు తవ్వలేం. పైగా చెట్ల రంగులు పట్టడానికి కొన్నిచోట్ల మైలతుత్తం, పొటాషియం డైక్రోమేట్ వాడిన చరిత్రా ఉంది. డైక్రోమేట్ అంటే అచ్చమైన షట్సంయోజక క్రోమియమే. పటికతో సరిపెట్టుకుంటేనే అది చెట్టు రంగుగా మిగులుతుంది. ఏ పద్ధతికైనా అడగవలసిన ప్రశ్న ఒక్కటే, స్టోరులో ఏముంది అని.

మరి చిన్నవాళ్ల సంగతి? పాతబస్తీలో చీరకు తగిన దుపట్టా రంగు వేసిపెట్టే రంగరేజుల దగ్గరికి హైదరాబాద్ ఆడవాళ్లందరం వెళ్లినవాళ్లమే. నేను వెళ్లే దుకాణం ఆరడుగుల వెడల్పు ఉంటుంది. స్టవ్వు మీద సత్తు గిన్నెలో నీళ్లు మరుగుతుంటాయి. గోడకు వరసగా మూతల డబ్బాలు, ఏ డబ్బా మీదా పేరుండదు. చీర కొంగును ఒకసారి చూసి, రెండు మూడు డబ్బాల్లోంచి చెంచా కొసతో చిటికెడు చిటికెడు పొడి తీసి వేస్తాడు. దుపట్టా మూల ముంచి, పిండి, వేడి గిన్నె అంచుకు ఆనించి ఆరబెట్టి చీర పక్కన పెడతాడు. ఇంకాస్త పసుపు. మళ్లీ ముంచుతాడు. మూడోసారికి చీరా దుపట్టా ఒకే తానులోంచి చించినట్టు ఉంటాయి. ఆ కంటికి ఏ కంప్యూటరూ సాటి రాదు. చేతులు మాత్రం మోచేతుల దాకా రంగులే. పనయ్యాక బ్లీచింగ్ పొడితో రుద్దుకుంటాడు. "భాయ్, గ్లౌజులు వేసుకోవచ్చు కదా" అంటే, "వేసుకుంటే గుడ్డ వేడి తెలియదమ్మా" అన్నాడు. ఆ పొడులు ఏమిటని అడిగితే, "బేగంబజారులో తూకానికి ఇస్తారు. ఎరుపంటే ఎరుపు, నలుపంటే నలుపు" అన్నాడు.

ఇతని మీదకు ఇన్‌స్పెక్టరును పంపితే న్యాయం జరిగినట్టా? ఇతనికి ఎంచుకునే అవకాశమే ఇవ్వలేదు మనం. తూకానికి పొట్లం కట్టి అమ్మేవాడికీ, వాడికి డ్రమ్ముల లెక్కన సరఫరా చేసేవాడికీ పేర్లు తెలుసు. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల నేతగాళ్లకు నాప్తాల్, హైడ్రో లాంటి అద్దకపు రసాయనాలు అమ్మేవాళ్ల పేర్లూ తెలుసు. కట్టడి అక్కడ ఉండాలి. పొట్లం ఎంత చిన్నదైనా దాని మీద రంగు అసలు పేరు, తయారీదారు, ప్రమాద సూచన తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండి తీరాలి. నిషిద్ధమైన 112 రంగులు తూకానికి అమ్ముడవకుండా చూడాలంటే రంగరేజుల వెంటా మగ్గాల వెంటా తిరగక్కర్లేదు, హోల్‌సేల్ దుకాణాల స్టాకు చూస్తే చాలు. హైడ్రో డబ్బాకు తడి తగిలితే తనంతట తానే మండుతుందన్న సంగతి ఇంట్లో రంగు వేసుకునే నేతగానికి ఎవరు చెబుతున్నారు?

ధర పెరుగుతుంది అనే మాట ప్రతిసారీ వస్తుంది. కొన్నిటికి పెరుగుతుంది, దాచడం ఎందుకు? అందుకే మొదట అడగవలసింది పెద్ద కొనుగోలుదారు. మన రాష్ట్రంలో ప్రభుత్వాన్ని మించిన బట్టల కొనుగోలుదారు ఎవరు? 2017 నుంచి కొన్నేళ్లపాటు బతుకమ్మ చీరల పేరుతో ఏటా సుమారు కోటి చీరలు పంచారు, వాటిలో ఎక్కువ భాగం సిరిసిల్ల మరమగ్గాల మీద నేయించారు. ప్రభుత్వ బడుల యూనిఫాంలు, వసతి గృహాల దుప్పట్లు, ఆసుపత్రుల పక్కబట్టలు ఏటా ఉన్నవే. ఇలాంటి టెండర్లలో నూలు కౌంటు అడుగుతారు, మీటరు బరువు అడుగుతారు, ఉతికితే రంగు పోతుందా అని అడుగుతారు. ఏ రసాయనాలతో తయారుచేశారు అన్న ఒక్క షరతు కలిపితే, అద్దకపు మిల్లుల్లో లోకల్ లాట్ డ్రమ్ముకు గిరాకీ పడిపోతుంది. జర్మనీ తన కొనుగోలుతో మన మిల్లులను మార్చగలిగినప్పుడు, తెలంగాణ తన కొనుగోలుతో ఎందుకు మార్చలేకపోతుంది?

వరంగల్ విషయంలో తొందర ఇంకా ఎక్కువ. గీసుకొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగింది. 2023లో కేంద్రం దాన్ని జౌళి పార్కుల పథకమైన పీఎం మిత్ర కిందికి తెచ్చింది. మన పత్తి మన దగ్గరే బట్ట కావాలని నేనూ కోరుకుంటాను, ఆ ఉద్యోగాలు మన పిల్లలకు రావాలనీ కోరుకుంటాను. కానీ నూలు వడకడం, కుట్టడం వేరు, రంగు వేయడం వేరు. అద్దకపు మిల్లులు పూర్తిస్థాయిలో రాకముందే ప్రవేశ నియమాల్లో నిషిద్ధ రసాయనాల జాబితా చేర్చాలి. ఒకే గుమ్మం, ఒకే రసాయనాల గిడ్డంగి, అందరికీ కనిపించే నెలవారీ లెక్క. కట్టుకున్న పరిశ్రమను మార్చమంటే యజమాని కోర్టుకు వెళతాడు, కట్టకముందు చెబితే ఒప్పుకుని వస్తాడు. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది, మాదాపూర్‌లో ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ ఉంది, పాదరక్షల శిక్షణకు ఎఫ్‌డీడీఐ సంస్థ ఉంది. ఈ జాబితా తయారుచేసి పరీక్షించగల బుర్రలు ఈ నగరంలోనే బస్సు దూరంలో ఉన్నాయి.

ప్రభుత్వం చేసేదాకా ఊరుకోవడం ఎందుకని మా అమ్మాయి చదివే బడిలో తల్లిదండ్రుల సంఘం తరఫున యూనిఫాం సరఫరాదారును కొన్ని ప్రశ్నలు అడిగాం. ఈ గుడ్డకు రంగు వేసింది ఏ మిల్లు? నిషిద్ధ అజో రంగులు వాడలేదని రాసి ఇస్తారా? ముడత పడదని చెబుతున్నారు, అందులో ఫార్మాల్డిహైడ్ కిలోకు 75 మిల్లీగ్రాముల లోపే ఉందా? మరక అంటదని చెబుతున్నారు, ఆ పూత ఫ్లోరిన్ రసాయనమేనా? చివరి ప్రశ్న నాకు ముఖ్యం. ఆ జాతి రసాయనాలు ప్రకృతిలో విడిపోవు. వాటిలో రెండింటిని 2009లో, 2019లో ప్రకృతిలో నిలిచిపోయే విషాలను కట్టడి చేసే అంతర్జాతీయ స్టాక్‌హోం ఒప్పందం కిందికి తెచ్చారు. పిల్లల చొక్కాను రోజూ ఉతికే ఇళ్లలో మరక అంటని పూత ఎవరికి కావాలి?

సరఫరాదారు మర్యాదగానే విన్నాడు. "ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ కావాలంటే రేటు వేరే ఉంటుందమ్మా" అన్నాడు. ఎంత వేరే అని అడిగితే కనుక్కుని చెబుతానన్నాడు. తర్వాతి సమావేశానికి మిల్లు పేరుతో, ఫార్మాల్డిహైడ్ రిపోర్టుతో వచ్చాడు. సంఖ్య హద్దులోపలే ఉంది. మరక పూత తీసేయడానికి బడి యాజమాన్యం ఒప్పుకుంది, దానివల్ల మీటరు ధర కొద్దిగా తగ్గింది కూడా. అజో రంగుల మీద రాతపూర్వక హామీ ఇంకా రాలేదు. అది వచ్చేదాకా నీలం గుడ్డ ఆర్డరు ఖరారు చేయవద్దని సంఘం తీర్మానించింది. బూట్ల తోలు గురించి ఇదే ప్రశ్న వచ్చే నెల సమావేశంలో పెడుతున్నాం.